పన్ను నాది, ఓటు పొరుగువారిది

టెక్సాస్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆదాయ పన్ను వసూలు చేయదు. కొత్తగా ఇక్కడికి వచ్చే తెలుగువాళ్ల చెవిన ముందుగా పడే శుభవార్త ఇదే. మిగతా సగం కథ ఇల్లు కొన్నాక గానీ తెలియదు. ఏప్రిల్‌లో ఇంటి విలువ ఇంత పెరిగిందంటూ నోటీసు వస్తుంది. మన ఇల్లు మనం అమ్మలేదు, అందులో రూపాయి లాభం చూడలేదు. అయినా విలువ పెరిగింది కాబట్టి ఆస్తి పన్ను కూడా పెరుగుతుంది. దసరా దీపావళుల మధ్య ఎప్పుడో బిల్లు దిగుతుంది. అందులో నగరానికి, కౌంటీకి, కమ్యూనిటీ కాలేజీకి పోయే వాటాలన్నీ కలిపినా సగానికి రావు. పెద్ద ముద్ద స్కూల్ డిస్ట్రిక్ట్‌ది.

డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు. బడుల నిర్వహణకే ఏర్పడిన స్థానిక సంస్థ. దాని సరిహద్దులు నగరం సరిహద్దులతో కలవాలని లేదు. ఎన్నికైన ఏడుగురు ట్రస్టీలు, జీతం లేకుండా, దాన్ని నడుపుతారు. పన్ను వేసే అధికారం, అప్పు తెచ్చే అధికారం రెండూ దానికి ఉన్నాయి. టెక్సాస్‌లో ఇలాంటివి వెయ్యికి పైనే. డాలస్‌కు ఉత్తరాన ఉన్న మా డిస్ట్రిక్ట్‌కు నేను 2012 నుంచి పన్ను కడుతున్నాను. ఆ పన్నుతో ఏం కట్టాలో, ఎంత అప్పు చేయాలో నిర్ణయించే ఎన్నికల్లో ఇంతవరకు ఒక్క ఓటూ వేయలేదు. వేసే హక్కు లేదు. నేను హెచ్-1బి మీద ఉన్నవాణ్ని.

గ్రీన్‌కార్డు వరుసలో నా తేదీ 2013 నాటిది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశం వారికీ 7 శాతానికి మించి ఇవ్వరాదన్న నిబంధన వల్ల భారతీయుల వరుస ఎంత పొడుగో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. కార్డు వచ్చాక కూడా పౌరసత్వానికి మామూలుగా మరో ఐదేళ్లు ఆగాలి. ఈలోగా ఇల్లు కొనొచ్చు, పన్ను కట్టొచ్చు, పిల్లల్ని బడికి పంపొచ్చు. ఆ చివరి సంగతిలో ఈ రాష్ట్రానికి సంబంధించిన చరిత్రే ఉంది. వలస పత్రాలు లేని పిల్లలకు ఉచితంగా చదువు చెప్పబోమన్న టెక్సాస్ వాదనను అమెరికా సుప్రీంకోర్టు 1982లో తోసిపుచ్చింది. కాబట్టి బడి తలుపు అందరికీ తెరిచే ఉంది. బడి ఖాతా పుస్తకం దగ్గరికి వచ్చేసరికి సంగతి వేరు.

ఆ ఖాతాలో రెండు జేబులు ఉంటాయి. ఒకటి నిర్వహణది. టీచర్ల జీతాలు, కరెంటు, బస్సుల డీజిలు అన్నీ ఇందులోంచే. రెండోది అప్పు తీర్చేది. బాండ్లు అమ్మి తెచ్చిన సొమ్ముతో బడులు కడతారు, కప్పులు మారుస్తారు, ఏసీలు పెడతారు. ఆ అప్పును పాతిక, ముప్ఫై ఏళ్లపాటు రెండో పన్నుతో తీరుస్తారు. ఒక జేబులోని డబ్బు రెండో జేబులోకి రాదు. బాండ్ల డబ్బుతో టీచరుకు జీతం ఇవ్వడానికి వీల్లేదు. అందుకే మెరిసే కొత్త ఆడిటోరియం పక్కనే, జీతం చాలక మానేసిన లెక్కల టీచరు ఖాళీ కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఇది చూసి ‘డబ్బు ఉండి కూడా టీచర్లకు ఇవ్వరా’ అని ఆశ్చర్యపోతారు. ఉన్న డబ్బు ఆ జేబులోది కాదు.

పైగా ఇందులో ఒక మెలిక ఉంది. 1993 నుంచి అమల్లో ఉన్న ఏర్పాటు ప్రకారం ఆస్తి సంపద ఎక్కువున్న డిస్ట్రిక్ట్‌లు తమ నిర్వహణ పన్నులో కొంత రాష్ట్రానికి వదులుకోవాలి. పేద డిస్ట్రిక్ట్‌లకు న్యాయం చేయాలని కోర్టులు పట్టుబట్టాక వచ్చిన పద్ధతి ఇది. జనం దీన్ని ‘రాబిన్ హుడ్’ అంటారు. అయితే అప్పు తీర్చే పన్నుకు ఈ కోత లేదు. అందులో వసూలైన ప్రతి డాలరూ ఊళ్లోనే ఉంటుంది. అటువైపు, ఒక్కో విద్యార్థికి రాష్ట్రం లెక్కగట్టే మూల మొత్తం 2019 నుంచి 2025 దాకా 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ధరలు మాత్రం ఆగలేదు. 2025లో శాసనసభ విద్యకు పెద్ద ప్యాకేజీయే ఇచ్చినా ఈ మూల మొత్తానికి కలిపింది 55 డాలర్లే. జీతాల జేబు ఇలా బిగుసుకుపోయినప్పుడు భవనాల జేబు వైపు చేయి వెళ్లడంలో వింత లేదు. దీన్ని దుబారా అనేవాళ్లు ఈ లెక్క చూడరు. దుబారా అసలు లేదనేవాళ్లు స్టేడియాలు చూడరు.

మా పొరుగున ఉన్న ఆలెన్‌లో 2009లో ఓటర్లు సుమారు 12 కోట్ల డాలర్ల బాండ్లకు సరేనన్నారు. అందులో సగం, అంటే 6 కోట్లు, 18 వేల మంది కూర్చునే ఫుట్‌బాల్ స్టేడియానికి పోయింది. ఒక ఊరి హైస్కూలు జట్టుకు! 2012లో తెరిచారు. కాంక్రీటులో పగుళ్లు కనిపించడంతో 2014లో మూసేశారు. మరమ్మతులు చేసి 2015లో మళ్లీ తెరిచారు. పగుళ్ల వార్త దేశమంతా చదివి నవ్వింది. అయినా పక్కనే ఉన్న మెకిన్నీ ఓటర్లు 2016లో తమకూ అలాంటి స్టేడియం కావాలని బాండ్లు ఆమోదించారు. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఇక్కడి జాతర. జాతర ఖర్చు మీద లెక్కలు వేయడం ఏ ఊళ్లోనూ మర్యాద కాదనుకోండి. కాకపోతే మన జాతరకు చందా ఇవ్వకపోతే ఇల్లు వేలం వేయరు.

ఇక మా సంగతి. 2012లో మేం ఈ ఇల్లు కొన్నదే మూడు వీధుల అవతల ఉన్న ఎలిమెంటరీ స్కూలు కోసం. అప్పటికి పాపకు నాలుగేళ్లు. మా ఆవిడ వంటగది చూడకముందే బడి చూసొచ్చింది. చేరిన మరుసటి ఏడాది పిల్లలు ఎక్కువై పాప క్లాసును పోర్టబుల్ గదిలోకి మార్చారు. చక్రాల మీద తెచ్చి మైదానంలో దించిన రేకు గది. ఆ బాధ తీర్చడానికే బాండ్ల ఎన్నిక పెట్టారు. నెగ్గారు. బడికి కొత్త విభాగం లేచింది, నేల మెరిసింది, పోర్టబుళ్లు వెళ్లిపోయాయి. అప్పటి ఆ పన్ను గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. సంతోషంగా కట్టాను.

గత ఏడాది ఆ బడిని మూసేయాలని నిర్ణయించారు. పిల్లలు చాలడం లేదట. కారణం పసిగట్టడం కష్టం కాదు. మేం కొన్నప్పుడు రెండు లక్షల అరవై వేలున్న ఇల్లు ఇప్పుడు ఐదు లక్షలు దాటింది. చిన్న పిల్లలున్న జంటలు అంత ధర పెట్టలేక ఇంకా ఉత్తరానికి, నిన్నటిదాకా మొక్కజొన్న చేలున్న చోటికి పోతున్నారు. అక్కడి డిస్ట్రిక్ట్‌లు ఇప్పుడు పోర్టబుళ్లు దించుతున్నాయి, బాండ్లు అడుగుతున్నాయి. మా వీధిలో పిల్లలు పెద్దవాళ్లయిపోయారు, మేం మాత్రం కదల్లేదు. బడి మూతపడుతోంది. దాని కొత్త విభాగం కట్టిన అప్పుకు మాత్రం ఇంకా చాలా ఏళ్లు మిగిలే ఉంది. పిల్లలు లేని గదికి వాయిదాలు కడుతూనే ఉండాలి.

ఇది మా ఒక్కరి గోడు కాదు. ప్లానో డిస్ట్రిక్ట్ 2024లో నాలుగు బడులు మూసేయాలని తీర్మానించింది. ఫ్రిస్కోనే చూడండి. 1990లో ఆరు వేల జనాభా ఉన్న పల్లెటూరు 2020 జనగణన నాటికి రెండు లక్షలు దాటింది. అందులో తెలుగువాళ్ల వాటా ఎంతో అక్కడి కిరాణా కొట్లలో గోంగూర కట్టలు చూస్తే తెలుస్తుంది. ఏటా బడులు కట్టడమే పనిగా పెట్టుకున్న డిస్ట్రిక్ట్ అది. 2024 నవంబరులో పన్ను రేటు పెంపుతో పాటు 100 కోట్ల డాలర్లకు పైబడిన బాండ్లను నాలుగు ప్రతిపాదనలుగా ప్రజల ముందు పెట్టింది. నాలుగూ ఓడిపోయాయి. నెల తిరగ్గానే ఒక మిడిల్ స్కూలును మూసేయడానికి బోర్డు ఓటు వేసింది.

ఎందుకు ఓడిపోయాయన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. నాకు తోచిన కారణం బ్యాలెట్ మీదే ఉంది. 2019లో వచ్చిన చట్టం ప్రకారం స్కూలు బాండ్ల ప్రతిపాదన కింద ‘ఇది ఆస్తి పన్ను పెంపు’ అని పెద్ద అక్షరాల్లో అచ్చువేయాలి. రేటు ఒక్క సెంటు పెరగకపోయినా సరే. అదే ఏడాది నుంచి స్టేడియాలు, ఈత కొలనులు, కళా వేదికలు, కంప్యూటర్ల వంటివాటిని తరగతి గదులతో కలిపేసి అడగకుండా విడివిడి ప్రతిపాదనలుగా పెట్టాల్సి వస్తోంది. ఈ రెండోది మంచి పని. మొదటిది అర్ధసత్యం. అయితే డిస్ట్రిక్ట్‌లు చెప్పేది కూడా అర్ధసత్యమే. ‘మీ పన్ను రేటు పెరగదు’ అంటారు. ఎందుకు పెరగదు? పాత అప్పులు తీరుతున్నాయి కాబట్టి, ఇళ్ల విలువలు పెరుగుతున్నాయి కాబట్టి. కారు అప్పు తీరిపోయినవాడు అదే వాయిదా మీద కొత్త కారు కొని ‘నా ఖర్చేం పెరగలేదు’ అన్నట్టు. పెరగలేదు, నిజమే. తగ్గాల్సింది తగ్గలేదు. ఈ మాట ఒక్కటి నేరుగా చెబితే సగం జనం ఒప్పుకుంటారని నా నమ్మకం. చెప్పరు.

మా డిస్ట్రిక్ట్ బాండ్ల మీద అభిప్రాయ సేకరణ అంటే ఒక సాయంత్రం ఆ బడి కెఫెటీరియాకే వెళ్లాను. పిల్లల కోసం చేసిన చిన్న బల్లల ముందు మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. హాజరైన వాళ్లలో దాదాపు సగం మంది మనవాళ్లు, తమిళులు, గుజరాతీలు. ప్రశ్నలు కూడా ఎక్కువ మావే. సైన్స్ ల్యాబులు ఎప్పుడు, మిడిల్ స్కూల్లో క్లాసుకు ఎంతమంది, రెండో అంతస్తు ఏసీ ఎందుకు పాడవుతోంది. నా పక్కన కరీంనగర్ తమ్ముడొకడు నా చెవిలో, ‘అన్నా, గింతమందిమి అడుగుతున్నం గదా, మనలో ఓటున్నోళ్లు ఎందరు?’ అన్నాడు. లెక్కపెట్టాం. చేతి వేళ్లు మిగిలిపోయాయి. వేదిక మీది ట్రస్టీ మర్యాదస్తుడు, అన్నిటికీ ఓపికగా బదులిచ్చాడు. ఆయనకు మాత్రం ఆ లెక్క తెలియదా?

ఓటున్నవాళ్లు మా ఎదురింటి పెద్దాయన లాంటివాళ్లు. మంచి మనిషి. మేం ఇండియా వెళ్తే తులసి మొక్కకు నీళ్లు పోసేది ఆయనే. ఆయన పిల్లలు చదువుకుని వెళ్లిపోయి ఇరవై ఏళ్లయింది. టెక్సాస్‌లో 65 ఏళ్లు నిండినవారి సొంత ఇంటి మీద స్కూలు పన్ను ఆ ఏటి మొత్తం దగ్గర నిలిచిపోతుంది. ఎన్ని బాండ్లు వచ్చినా ఆ గీత దాటదు. ఆయన ప్రతిసారీ బాండ్లకు వ్యతిరేకంగానే ఓటు వేస్తాడు. ‘మీకు పెరగదు కదా’ అని ఒకసారి అడిగాను. ‘నాకు పెరగదు. నీకు పెరుగుతుంది. నీ తరఫున వేస్తున్నాననుకో’ అన్నాడు నవ్వుతూ. నాకు పోర్టబుల్ గది గుర్తొచ్చింది. నా తరఫునైతే సరేనని వేయాలి. ఆ మాట అనలేదు. తులసి మొక్క సంగతి ఉంది కదా.

డబ్బు కట్టేవాడికే ఓటు అన్న పద్ధతి ఈ దేశంలో లేకపోలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని స్కూల్ డిస్ట్రిక్ట్ ఎన్నికల్లో ఆస్తి ఉన్నవాళ్లు, అద్దెకున్నవాళ్లు, బడిలో పిల్లలున్నవాళ్లు మాత్రమే ఓటు వేయాలని చట్టం ఉండేది. అమ్మానాన్నల ఇంట్లో ఉండే క్రామర్ అనే బ్రహ్మచారి కోర్టుకెక్కాడు. ఆస్తి లేదు, పిల్లల్లేరు, ఓటు కావాలన్నాడు. 1969లో సుప్రీంకోర్టు ఆయన పక్షానే తీర్పు చెప్పింది. ఇక్కడికి దగ్గర్లోని ఫోర్ట్‌వర్త్‌లో 1972లో గ్రంథాలయ బాండ్లకు పన్ను జాబితాలో ఆస్తి చూపినవాళ్లకొక పెట్టె, మిగతావాళ్లకొక పెట్టె పెట్టారు. మొత్తం మీద నెగ్గినా, ఆస్తిపరుల పెట్టెలో ఓడినందుకు బాండ్లు పోయాయి. 1975లో సుప్రీంకోర్టు ఆ పద్ధతినీ కొట్టేసింది. బడి, గ్రంథాలయం ఊరందరివీ, పన్ను రసీదు చూపమని అడగరాదన్నది ఆ తీర్పుల సారం. నాకు అందులో తప్పు కనిపించదు. రసీదు ఉంటేనే ఓటన్న ఊళ్లో అద్దె ఇంటి కూలీ పిల్లల బడికి ఎవరు కప్పు వేస్తారు? కాకపోతే క్రామర్ కేసు చదివినప్పుడు చిత్రంగా అనిపించింది. ఆయన దగ్గర లేనివన్నీ నా దగ్గర ఉన్నాయి. నా దగ్గర లేనిది ఆయన దగ్గర ఉంది.

పౌరులు కానివారికి ఓటు అనేది కూడా ఇక్కడ కొత్త ఊహేం కాదు. పౌరసత్వం తీసుకుంటామని ప్రకటించిన వలసదారులు టెక్సాస్‌లోనే 1921 దాకా ఓటు వేశారు. న్యూయార్క్ నగరంలో స్థానిక స్కూలు బోర్డుల ఎన్నికల్లో పౌరులు కాని తల్లిదండ్రులకు 2002 దాకా ఓటు ఉండేది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2018 నుంచి స్కూలు బోర్డు ఎన్నికల వరకు ఇచ్చారు. టెక్సాస్ గాలి మాత్రం అటు వీచడం లేదు. పౌరులు కానివారికి ఓటు లేదన్న సంగతిని రాజ్యాంగంలోనే స్పష్టంగా రాసుకునే సవరణను 2025 నవంబరులో ఇక్కడి ఓటర్లు ఆమోదించారు. అదే రోజు సొంత ఇంటిపై స్కూలు పన్ను మినహాయింపును లక్ష డాలర్ల నుంచి లక్షా నలభై వేలకు పెంచారు. నా ఓటు సంగతి ఒక కాగితం మీద ముగిసింది, నా బిల్లు మరో కాగితం మీద తగ్గింది. రెండూ ఒకే బ్యాలెట్.

మా నాన్న ప్రకాశం జిల్లాలో జడ్పీ హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చినప్పుడు వీధిలో నాటిన బాండ్ల ప్రచార బోర్డులు చూసి, ‘బడి కట్టడానికి ఓట్లేమిట్రా?’ అన్నారు. ఆయన హయాంలో జన్మభూమి కింద రెండు గదులు లేచాయి. ఊరివాళ్లు తమ వాటాగా ఇంత అని వేసుకున్నారు. ఇచ్చినవారి పేర్లు గోడ మీద రాయించారు. అంతకుముందు ఆ గదుల కోసం ఆయన ఒంగోలు ఆఫీసుల చుట్టూ ఆరేళ్లు తిరిగారు. 2019లో మొదలైన నాడు-నేడులో పనుల డబ్బును తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా ఖర్చు చేయించారని తెలిసినప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూశాను. 2024లో ప్రభుత్వం మారేనాటికి రెండో విడత పనులు చాలాచోట్ల అసంపూర్తిగానే ఉన్నాయి. ‘ఎవరొచ్చినా రంగు వేస్తారు, వాన వస్తే కారుతుంది’ అన్నారాయన. ఆదాయ పన్ను మీద విద్యా సెస్సు 2004లో 2 శాతంగా మొదలై, 2007లో 3కి చేరి, 2018 నుంచి ఆరోగ్యంతో కలిపి 4 అయింది. మాధ్యమిక, ఉన్నత విద్య పేరుతో వసూలు చేసిన వాటాకు ఏళ్ల తరబడి ప్రత్యేక నిధి అన్నదే లేదని కాగ్ తప్పుపట్టింది. ఆ డబ్బు ఏ బడి కప్పుకు చేరిందో నాన్నకు చెప్పగలిగేవాళ్లు లేరు.

ఇక్కడ చెప్పగలరు. అది నాకు చిన్న విషయంగా అనిపించదు. ఆ కెఫెటీరియాలో నాన్న నా పక్కనే కూర్చున్నారు. ఏ బడికి ఏ ఏసీకి ఎంత అన్న జాబితా ఇంగ్లిషులో ఉన్నా వేలు పెట్టి చివరిదాకా చదివారు. అయిపోయాక ఒక్క మాట అన్నారు: ‘ఈ కాగితం నాకిచ్చి ఉంటే ఆరేళ్లు తిరిగేవాణ్ని కాదు’. ఓటు లేని కొడుకు గురించి ఆయన జాలిపడలేదు. మైకు దగ్గరికి వెళ్లమని నన్ను తోశారు. బోర్డు సమావేశంలో ఎవరైనా పేరిచ్చి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు, పాస్‌పోర్టు అడగరు. అలా నాలుగుసార్లు మాట్లాడాను. ఒకసారి గది పైకప్పు సంగతి నా మూలంగా జాబితాలోకి ఎక్కిందని అనుకుంటున్నాను. ట్రస్టీలు అలా అనలేదు లెండి.

పాప ఇక్కడే పుట్టింది, 2008లో. ఈ రాష్ట్రంలో పద్దెనిమిదేళ్లు నిండబోయే విద్యార్థులకు ఓటరు నమోదు ఫారాలను హైస్కూళ్లే ఏటా రెండుసార్లు పంచాలి. ఆ ఫారం తెచ్చి వంటగది బల్ల మీద పెట్టి నింపింది. మా ఇంట్లో మొదటి ఓటు. బాండ్లు మళ్లీ అడుగుతారని అందరూ అనుకుంటున్నారు. ‘ఇప్పటిదాకా మనం మొత్తం ఎంత కట్టాం నాన్నా?’ అని అడిగింది. పాత బిల్లులు తీసి కూడాను. స్కూలుకు మాత్రమే అరవై వేల డాలర్ల దాకా తేలింది. సంఖ్య చూసి ఈల వేసింది. సరేనని వేస్తావా, వద్దని వేస్తావా అని మా ఆవిడ అడిగితే, జాబితా చూడకుండా ఎలా చెప్తానంది. తన చిన్నప్పటి బడికి మిగిలిన అప్పు ఎంత, ఆ భవనాన్ని ఏం చేస్తారు, అమ్మితే వచ్చిన డబ్బు అప్పుకే పోతుందా అన్న మూడు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుంది. వచ్చే సమావేశానికి పేరు ఇచ్చిందట. నన్నూ రమ్మంది, బిల్లుల ఫైలు పట్టుకుని.